ముంబయిలో చూడ్డానికి కాదు, పని మీద తిరగండి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. పెళ్ళయి ముంబయి వచ్చి ఏడాదిన్నర దాటింది. పవయిలో ఉంటాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. వచ్చిన కొత్తలో గేట్‌వే, మెరైన్ డ్రైవ్, జుహూ, సిద్ధివినాయక్, హాజీ అలీ అన్నీ చూసేశాం. ఆ తర్వాత ఇక చూడ్డానికి ఏమీ లేనట్టయింది. శని, ఆదివారాలు మాల్, సినిమా, లేదంటే నిద్ర. ఇన్ని రకాల మనుషులున్న ఊరంటారు గానీ నాకు తెలిసింది మా వాచ్‌మన్, ఇంట్లో పనిచేసే ఆమె, ఆఫీసువాళ్ళు, అంతే. హిందీ అంతంతమాత్రం, మరాఠీ అసలు రాదు. మా ఆయన "ఆ జనంలో ఎవరు తిరుగుతారు" అంటారు. ఒక్కదాన్నే వెళ్ళాలంటే టెన్షన్. "బొంబాయి ఎట్లుందే బిడ్డా" అని అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలీదు. మా పెద్దతాత ఒకప్పుడు ఇక్కడే వర్లీలో మిల్లులో చేసిండట, ఊరికొస్తే రాత్రంతా బొంబాయి కథలే చెప్పేవాడట. నా దగ్గర చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. ఈ ఊరిని తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక చెల్లెలు, పవయి

సమాధానం: చెల్లీ, నువ్వు చూసినవేం తక్కువ చోట్లు కావు. మెరైన్ డ్రైవ్ గోడ మీద సాయంత్రం పూట కూర్చోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే అవన్నీ ఈ ఊరి ముందుగది. వచ్చిన చుట్టాలని కూర్చోబెట్టేది అక్కడే. ముందుగదిలో ఎంతసేపు కూర్చున్నా వంటింట్లో ఏం ఉడుకుతోందో, ఆ ఇంట్లో ఎవరికి ఎవరితో మాటల్లేవో తెలియదు. లోపలికి రమ్మని ఎవరూ పిలవరు కూడా. ముంబయిలో ఎవరి హడావిడి వాళ్ళది. మనమే ఏదో వంక పెట్టుకుని వెళ్ళాలి.

అందుకే, కొత్తగా వచ్చి అడిగినవాళ్ళందరికీ నేను చెప్పేది ఒకటే. చూడ్డానికి వెళ్ళొద్దు, ఏదైనా పని పెట్టుకుని వెళ్ళండి. కాఫీపొడి కొనాలి, కుండ కొనాలి, చేపలు తేవాలి, ఫలానా మనిషి ఉన్న ఇల్లు వెతకాలి, ఏదైనా సరే. పని లేకుండా వెళ్తే నాలుగు ఫోటోలు తీసుకుని, "ఇంకేముంది ఇక్కడ" అనుకుంటూ తిరిగొస్తాం. పని ఉంటే ఎవరినో ఒకరిని అడగక తప్పదు. అడిగితే మాట కలుస్తుంది. అదే కొట్టుకి రెండోసారి, మూడోసారి వెళ్తే ముఖం గుర్తుపడతారు. ఈ ఊళ్ళో ముఖం గుర్తుపట్టేవాళ్ళు ఒక్కో పేటలో ఒక్కరున్నా చాలు, ఇది మనూరే అనిపిస్తుంది.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. ముంబయి పుట్టిందే అలా. ఏడు దీవుల మీద కోళీలు చేపలు పట్టుకుని బతికే చోటు ఇది. 1661లో పోర్చుగీసు రాజకుమారి పెళ్ళి కట్నం కింద ఇంగ్లండు రాజుకి పోయింది. ఆయన దీన్ని భారం అనుకుని 1668లో ఈస్టిండియా కంపెనీకి ఏడాదికి పది పౌన్ల లెక్కన కౌలుకిచ్చాడు. (పవయిలో మీ అద్దె ఎంతో నేను అడగను.) కంపెనీకి కావలసింది వ్యాపారం. అందుకని గవర్నర్ గెరాల్డ్ ఆంజియర్, ఎవరి మతం వాళ్ళు పాటించుకోవచ్చని మాటిచ్చి రకరకాల వర్తకుల్ని రప్పించాడు. గుజరాతీ బనియాలు, పార్సీలు, ఆర్మీనియన్లు వచ్చారు. ఆ తర్వాత రేవులు, రైళ్ళు, నూలు మిల్లులు. ఒక్కో పని ఒక్కో ప్రాంతం నుంచి మనుషుల్ని లాక్కొచ్చింది. అలా వచ్చినవాళ్ళు తమవాళ్ళ పక్కనే గది తీసుకున్నారు, గుడో మసీదో చర్చో కట్టుకున్నారు, తమకు అలవాటైన సరుకు అమ్మే కొట్టు పెట్టుకున్నారు. నువ్వు 'రకరకాల మనుషులు' అన్నావే, వాళ్ళంతా ఒక పని మీద వచ్చి ఉండిపోయినవాళ్ళే. నువ్వూ అంతే కదా.

మొదటి పని కాఫీపొడితో పెట్టుకో. మీ ఇంట్లో టీయే తాగినా ఫర్వాలేదు. పవయికి స్టేషన్ లేదు కాబట్టి కాంజూర్‌మార్గ్‌కి ఆటోలో వెళ్ళి, సీఎస్‌ఎంటీ (పాత వీటీ స్టేషన్) వైపు వెళ్ళే స్లో లోకల్ రైలు ఎక్కు. మాటుంగాలో ఫాస్ట్ బండ్లు ఆగవు. దిగాక ఈస్ట్ వైపు బయటికి వస్తే కాస్త దూరంలోనే మార్కెట్. అరటాకులు, కట్టలకొద్దీ కరివేపాకు, సాంబారు ఉల్లిపాయలు, బూడిద గుమ్మడి, మూర చొప్పున మల్లెలు, కనకాంబరాలు కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఏ ఊళ్ళో ఉన్నామో మర్చిపోతారు. కాఫీగింజలు వేయించి మరపట్టే కొట్టు ముందు నిలబడితే వాసనే చెప్తుంది. లోపలివాళ్ళు అడుగుతారు: పీబెర్రీనా, ప్లాంటేషనా? చికోరీ ఎంత? ఫిల్టర్‌కేనా? తెలియకపోతే తెలియదనే చెప్పు. ఇంట్లో ఎంతమంది, చిక్కగా తాగుతారా పల్చగా తాగుతారా అని అడిగి వాళ్ళే కలిపిస్తారు. చేతిలో పెట్టిన పొట్లం వెచ్చగా ఉంటుంది. పక్కన నిలబడ్డ పెద్దావిడ "చికోరీ అంత వద్దమ్మా" అని హిందీలోనో తమిళంలోనో అంటుంది. ఆవిడతో మాట కలపకుండా బయటికి రావద్దు.

మాటుంగాలో రోడ్లు ఎందుకంత వెడల్పు, చెట్లు ఎందుకన్ని ఉన్నాయి అని ఆవిడనే అడుగు. అడిగితే ప్లేగు దాకా వెళ్తుంది కథ. 1896లో ప్లేగు వచ్చి పాత ఊరు అల్లాడిపోయింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్ళ వల్లే ఇంత నష్టమని, 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పెట్టి దాదర్, మాటుంగా, సయన్ వైపు కొత్త పేటలు గీశారు. రోడ్డు ఎంత, ఖాళీ జాగా ఎంత, ఇల్లు ఎంత ఎత్తు అన్నీ ముందే లెక్క. ఆఫీసుల్లో గుమాస్తాలుగా, టైపిస్టులుగా, రైల్వే ఉద్యోగులుగా వచ్చిన తమిళులు, మలయాళీలు, కన్నడిగులు ఇక్కడ చేరారు. కచ్ఛ్ నుంచి వచ్చిన గుజరాతీలూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. అందుకే ఒకే వీధిలో ఇడ్లీపిండి కొట్టూ, జైన మందిరమూ కనిపిస్తాయి. అక్కణ్ణించి ఫైవ్ గార్డెన్స్ మీదుగా నడుచుకుంటూ దాదర్ పార్సీ కాలనీకి వెళ్ళొచ్చు. మిగతా పార్సీ కాలనీలకు ఉన్నట్టు దీనికి ప్రహరీ గోడ లేదు. చెట్ల నీడన పాతకాలపు బాల్కనీలు, వాటిల్లో కుర్చీలు వేసుకుని పేపరు చదివే తాతలు. వాళ్ళ అగ్ని ఆలయంలోకి మాత్రం ఇతరుల్ని రానివ్వరు. బయటి నుంచే చూసి కదిలిపో, చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. దాదర్ ఈస్ట్‌లోనే మన ఆంధ్ర మహాసభ కూడా ఉంది. ఒకసారి లోపలికి వెళ్ళి కార్యక్రమాలు ఎప్పుడుంటాయో కనుక్కుని రా. దశాబ్దాలుగా ఇక్కడున్న తెలుగువాళ్ళు తగులుతారు. కొందరికి మనకంటే మంచి తెలుగు వచ్చు.

ఇక మీ పెద్దతాత సంగతి. ఉత్తరం చివర్లో ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశావు గానీ, నీ దగ్గరున్న ఆస్తి అదే. ఇవాళే ఇంటికి ఫోన్ చేసి వివరాలు అడుగు. ఏ మిల్లు? వర్లీలో ఏ చాల్ (వరండా వెంబడి వరసగా గదులుండే కార్మికుల ఇళ్ళు)? గది నంబరు ఎవరికైనా గుర్తుందా? పాత ఉత్తరాలు, మనీఆర్డరు రసీదులు ఏమైనా ఉన్నాయా? ఊరివాళ్ళు ఇంకెవరెవరు ఆయనతో ఉండేవాళ్ళు?

ఎందుకంటే కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలీలు, ఇంకా ఎన్నో కులాలవాళ్ళు ఆ మిల్లుల్లో పనికి వచ్చారు. ఒకే ఊరివాళ్ళు ఒకే గదిలో పదిమంది ఉండేవాళ్ళు. పగటి షిఫ్టువాడు పనికి వెళ్తే రాత్రి షిఫ్టువాడు అదే చాప మీద పడుకునేవాడు. ఖానావళి నడిపే ఆడవాళ్ళు నెలకింత అని తీసుకుని అన్నం పెట్టేవాళ్ళు. ఆ ఆడవాళ్ళని కూడగట్టి ప్రేమా పురవ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టారు. మన మిల్లు కథల్లో మగవాళ్ళే కనిపిస్తారు గానీ, వాళ్ళ కంచంలోకి అన్నం ఎక్కణ్ణించి వచ్చిందో కూడా మీ ఇంటివాళ్ళని అడుగు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మె మొదలైంది. రెండు లక్షలకు పైగా కార్మికులు పని ఆపేశారు. సమ్మె గెలవలేదు, ముగిసిందని ఎవరూ ప్రకటించనూ లేదు. చాలా మిల్లులు మళ్ళీ తెరుచుకోలేదు. కొందరు ఊళ్ళకి, కొందరు భివండీ మరమగ్గాలకి వెళ్ళిపోయారు. మీ తాత ఊరికి తిరిగొచ్చింది ఆ రోజుల్లోనేనేమో కనుక్కో.

వర్లీలో బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాల్స్ అని 1920ల్లో కట్టిన ఇళ్ళున్నాయి. ఒక్కో కుటుంబానికి ఒక్క గది, వరండా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు. ఇప్పుడు వాటిని కూల్చి టవర్లు కడుతున్నారు, కొందరు కొత్త ఫ్లాట్లలోకి మారారు కూడా. కాబట్టి ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకు. వెళ్ళి, తాత పేరూ ఊరి పేరూ చెప్పి, తెలుగువాళ్ళు ఏ బిల్డింగులో ఉన్నారని అడుగు. మనిషి దొరక్కపోయినా ఫర్వాలేదు. ఆ వెతుకులాటలో నీకు తగిలే మనుషులు ఏ టూరు బస్సులోనూ దొరకరు. వచ్చేటప్పుడు లోయర్ పరేల్ మీదుగా రా. అక్కడి ఫీనిక్స్ మాల్ ఒకప్పటి ఫీనిక్స్ మిల్లే. ఆ చుట్టుపక్కల గాజు బిల్డింగుల మధ్య పాత మిల్లు పొగగొట్టాలు అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. నువ్వు ఏ మాల్‌లో వీకెండ్ గడుపుతున్నావో రాయలేదు, అది కూడా ఏ ఫ్యాక్టరీ జాగాలో కట్టారో కనుక్కుంటే మాల్ అయినా కాస్త పనికొచ్చినట్టవుతుంది.

మనవాళ్ళు అంతకుముందే, ఊరు కడుతున్న కాలంలోనే, రాళ్ళు మోయడానికి వచ్చారు. కామాఠీలని పిలిచే ఆ కూలీల పేరు మీదే కామాఠీపురా ఏర్పడింది. ఆ పేరు చెప్తే ఇప్పుడు జనానికి గుర్తొచ్చేది వేశ్యావాటికే. అక్కడ ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. తెలిసినవాళ్ళు పిలిస్తే వెళ్ళు. ఊరికే చూసొద్దామని మాత్రం వెళ్ళకు. ధారావి టూర్ల మీద కూడా నా అభిప్రాయం ఇదే. టికెట్టు కొని ఇంకొకళ్ళ ఇరుకు చూసి రావడం నాకు నచ్చదు.

అదే ధారావికి కుండ కొనడానికి వెళ్ళు, కథే వేరు. సయన్ నుంచి వెళ్ళొచ్చు. నైంటీ ఫీట్ రోడ్డు దగ్గర కుంభార్‌వాడా అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. సౌరాష్ట్ర నుంచి వచ్చిన కుమ్మరులు తరతరాలుగా అక్కడే ఉంటున్నారు. ఇంటి ముందు భాగంలో సారె, వెనకవైపు నాలుగైదు ఇళ్ళకి ఉమ్మడిగా కుండలు కాల్చే ఆము. పిల్లలు హోంవర్కు చేసుకుంటున్న అరుగు మీదే ఆరబెట్టిన ప్రమిదలు వరసగా ఉంటాయి. దీపావళికి ముందు వెళ్తే కాలు పెట్టడానికి జాగా ఉండదు. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడు, ఖంగుమంటే బాగా కాలినట్టు. నువ్వలా కొట్టడం చూస్తే అమ్మేవాళ్ళు నిన్ను కాస్త తెలిసిన మనిషి కింద జమకట్టి, ధర దగ్గర మర్యాదగా మాట్లాడతారు. బోనానికి కుండ కావాలని చెప్పి చూడు. బోనం అంటే ఏమిటో నువ్వు వాళ్ళకి చెప్పాల్సి వస్తుంది. హిందీ అంతంతమాత్రం అన్నావుగా, అక్కడే వచ్చేస్తుంది.

ఇక సముద్రం. పవయిలో ఉండేవాళ్ళకి సముద్రం ఒక టూరిస్టు స్పాట్, అంతే. కానీ ఈ ఊరి బతుకంతా దాని టైముటేబుల్ మీదే నడుస్తుంది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా జరుగుతూ పోతాయి. పున్నమి, అమావాస్యలప్పుడు పోటు పెద్దది. హాజీ అలీకి వెళ్ళే దారి పోటు వేళ నీళ్ళలో మునిగేది ఇందుకే. వానాకాలంలో నాలుగున్నర మీటర్లు దాటిన పోటు, కుండపోత వాన ఒకేసారి వస్తే కాలవల్లో నీళ్ళు సముద్రంలోకి పోలేవు. పోటు ఎక్కువైతే మురుగు కాలవల్లోకి సముద్రమే ఎదురు తన్నుతుంది. హిందమాతా, సయన్, కుర్లా మునిగేది అప్పుడే. అందుకే వానాకాలంలో కార్పొరేషన్ వాళ్ళు పోటు వేళలు ప్రకటిస్తారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎక్కడికి బయల్దేరినా పొద్దున్నే అవి ఒకసారి చూసుకో. ఇక్కడ పుట్టినవాళ్ళు పాలప్యాకెట్‌తో పాటు అది కూడా చూసుకుంటారు.

సముద్రాన్ని దాని మనుషులతో చూడాలంటే వర్సోవా వెళ్ళు. ఘాట్కోపర్‌లో మెట్రో ఎక్కితే ఆఖరి స్టేషన్ వర్సోవాయే. అక్కణ్ణించి ఆటోలో కోళీవాడా, అంటే కోళీల పేట. మీరు చేప తినేవాళ్ళయితే పని సిద్ధంగా ఉన్నట్టే. పడవలు ఒడ్డుకొచ్చిన వేళకి వెళ్తే మంచిది. మగవాళ్ళు సముద్రం మీదికి పోతారు, అమ్మకం, లెక్క, బేరం అంతా ఆడవాళ్ళ చేతుల్లోనే. చందువాని పాప్లెట్ అంటారు, వంజరాన్ని సుర్మయీ అంటారు. మొప్పలు ఎత్తి ఎర్రగా ఉన్నాయో లేదో చూసుకో, ఎవరూ ఏమనరు. నాలుగు గంపల్లో చేపల్ని నొక్కి నొక్కి ఏమీ కొనకుండా వెళ్ళబోతే మాత్రం వెనక నుంచి వినిపించే మరాఠీ నీకు అర్థం కాకపోవడమే మంచిది. చివరికి నీ బేరం పూర్తయి, ఆమె కత్తిపీట మీద చేప పొలుసు తీస్తూ "ఎక్కడుంటావు, మీదే ఊరు" అని అడుగుతుంది. అప్పుడే అసలు సంగతులు వస్తాయి. సముద్రంలో చేప తగ్గిపోయిన సంగతి, డీజిల్ ధర, వలకి చిక్కే ప్లాస్టిక్కు, కొడుకు ఈ పనికి రానని ఉద్యోగం వెతుక్కుంటున్న సంగతి.

జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరపడవలకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలల్లో వెళ్తే ఒడ్డుకి లాగేసిన పడవలు, వలలు అల్లుకుంటున్న మనుషులు కనిపిస్తారు. శ్రావణ పున్నమికి, అంటే మనకి రాఖీ రోజున, నారళీ పౌర్ణిమ చేసి సముద్రానికి కొబ్బరికాయ ఇస్తారు. ఆ సాయంత్రం ఏ కోళీవాడాకి వెళ్ళినా పాటలు, బంగారం పెట్టుకున్న ఆడవాళ్ళు, అలంకరించిన పడవలు. వానలు వెనకబట్టాక వెదురు దడుల మీద బొంబిల్ చేపల్ని జంటలు జంటలుగా తగిలించి ఎండబెడతారు. వాసన భరించగలిగితే చూడాల్సిన దృశ్యం. పక్కనే మడ్ ఐలాండ్‌కి ఫెర్రీ ఉంది, కొద్ది నిమిషాల ప్రయాణం. బైకులు, గంపలు, స్కూలు పిల్లలు అందరూ అందులోనే. కొలాబాలో 1875 నాటి ససూన్ డాక్ కూడా ఉంది. తెల్లవారుజామున చేపల వేలం అక్కడ గొప్పగా ఉంటుంది గానీ నీకు పవయి నుంచి చాలా దూరం, పైగా అక్కడ ఫోటోలు తీయనివ్వరు. కొంతకాలం ఆగి వెళ్ళు.

బాంద్రా గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. కేఫ్‌లు పక్కనపెట్టి రన్వర్, చింబయీ లాంటి పాత పల్లెల సందుల్లోకి వెళ్ళు. చెక్క మెట్ల ఇళ్ళు, మూలమూలనా శిలువలు కనిపిస్తాయి. పోర్చుగీసు కాలంలో క్రైస్తవులైన స్థానికులు వాళ్ళు, ఈస్ట్ ఇండియన్లని పిలుచుకుంటారు. పడమటి తీరంలో ఈ పేరేమిటా అని ఎవరినైనా అడుగు, సరదాగా చెప్తారు. సెప్టెంబరులో మౌంట్ మేరీ జాతర వారం పాటు జరుగుతుంది. మొక్కుకున్నవాళ్ళు మైనపు చేతులు, కాళ్ళు, ఇళ్ళు కొని సమర్పిస్తారు. ఆ వరసలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. మాహిం చర్చిలో బుధవారం జరిగే నొవేనా ప్రార్థనలోనూ అంతే.

బైకలా మాత్రం తప్పకుండా వెళ్ళు, అక్కడ ఫాస్ట్ బండ్లు కూడా ఆగుతాయి. 1872లో తెరిచిన భావు దాజీ లాడ్ మ్యూజియంలో ఒకప్పటి బొంబాయి మనుషుల్ని, వృత్తుల్ని, తలపాగాల్ని మట్టిబొమ్మలుగా చేసి పెట్టారు. ఎవరు ఎక్కణ్ణించి వచ్చారో ఒక్క గదిలో కనిపిస్తుంది. బుధవారం సెలవు. దగ్గర్లోనే డేవిడ్ ససూన్ కట్టించిన యూదుల ప్రార్థనామందిరం ఉంది. మజ్‌గావ్ వైపు వెళ్తే ఒక పాత ఇంటి పై అంతస్తులో 1919 నాటి చైనీయుల గుడి, సీ యప్ కూన్ ఉంది. ఒకప్పుడు ఈ రేవుకి వచ్చిపోయిన చైనా నావికుల గుర్తు అది.

భాష గురించి భయం వద్దు. ఇక్కడ ఎవరి హిందీ కూడా పుస్తకాల్లో హిందీ కాదు. మరాఠీలో నాలుగు మాటలు చాలు. ధర అడగడానికి "కసా దిలా?", వద్దంటే "నకో", ఆపమనడానికి "థాంబా". అంతకంటే ముఖ్యం పిలుపు. పెద్దవయసు ఆడవాళ్ళని మావశీ అని, నీ ఈడువాళ్ళని తాయీ అని, మగవాళ్ళని దాదా, కాకా అని పిలువు. వరస కలిపి పిలిస్తే కరగని మనిషి ఈ ఊళ్ళోనూ ఉండరు. ఇంకో మాట. మీ ఇంట్లో పనిచేసే ఆమెనీ, వాచ్‌మన్‌నీ తీసిపారేసినట్టు రాశావు. ఆమె ఎక్కడి నుంచి వస్తుంది, ఏ మార్కెట్లో కొంటుంది, ఏ రోజు అక్కడ సంత, వాచ్‌మన్‌ది ఏ జిల్లా, ఎన్నాళ్ళకోసారి ఇంటికి పోతాడు, ఎప్పుడైనా అడిగావా? మీ పవయి చుట్టూ ఉన్న బస్తీల గురించి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నా ఉత్తరం కోసం ఎదురుచూడకుండా అక్కడే మొదలుపెట్టి ఉండొచ్చు.

ఒక్కదానివే వెళ్ళడం గురించి. పగటిపూట లోకల్‌లో లేడీస్ డబ్బా ఎక్కితే భయపడాల్సింది ఏమీ లేదు. పదకొండు నుంచి నాలుగింటి లోపు రద్దీ తక్కువ. ఆఫీసు వేళలో మాత్రం, పొద్దున సీఎస్‌ఎంటీ వైపూ సాయంత్రం వెనక్కీ, కొత్తవాళ్ళు ఎక్కకపోవడమే మేలు. దిగే స్టేషన్ ఏ వైపు వస్తుందో ముందే అడిగి, ఒక స్టేషన్ ముందే గుమ్మం దగ్గరికి జరుగు. ఎక్కడ దిగినా ఈస్టా, వెస్టా అని చూసుకో. తప్పు వైపు దిగితే మళ్ళీ బ్రిడ్జి ఎక్కి రావాలి, ఎండలో ఉసూరుమనిపిస్తుంది. ఆదివారాల్లో సెంట్రల్, హార్బర్ లైన్లలో మెగా బ్లాక్ పేరుతో మరమ్మతులు పెడతారు. ముందురోజే చూసుకో, లేకపోతే కుర్లా ప్లాట్‌ఫారం మీదే సెలవు అయిపోతుంది. అందుకే నా ఓటు శనివారానికి. సయన్, బాంద్రా దాటి దక్షిణానికి ఆటోలు వెళ్ళవు, అక్కడి నుంచి ట్యాక్సీలే.

మీ ఆయన్ని బతిమాలకు, సాధించకు. జనం ఎక్కువ అన్న మాటలో తప్పేం లేదు కూడా. మొదట నువ్వు వెళ్ళి రా. ఇంట్లో ఫిల్టర్ కాఫీ వాసన, చేపల పులుసు వాసన రెండు వారాలు వస్తే మూడో వారం "ఎక్కడ కొన్నావు" అని ఆయనే అడుగుతారు. జనం లేని చోటే కావాలంటే ఆదివారం పొద్దున్నే ఫోర్ట్, బలార్డ్ ఎస్టేట్ వైపు తీసుకెళ్ళు. ఆఫీసులు మూసి ఉంటాయి, ఆ రోడ్ల మధ్యలో నిలబడి బిల్డింగులు చూసుకోవచ్చు. అది కూడా వద్దంటే ఇంట్లో పడుకోనీ. ఇద్దరూ కలిసి తిరిగితేనే తిరిగినట్టు అని ఏమీ లేదు.

ఇక సంచిలో ఏముండాలంటే, చిల్లర, నీళ్ళసీసా, గుడ్డసంచి. వర్సోవా వెళ్ళే రోజున గట్టి మూతున్న స్టీలు డబ్బా తప్పనిసరి. కోళీ ఆడవాళ్ళు లోకల్‌లో గంపలతో లగేజీ డబ్బా ఎక్కుతారు, వాళ్ళని ఎవరూ ఏమనరు. నువ్వు మాత్రం లేడీస్ డబ్బాలో చేపనీళ్ళు కారుతున్న సంచి పట్టుకుని కూర్చున్నావంటే దిగేదాకా అందరి చేతా మాటలు పడాలి.